స్ప్రే డబ్బా కోసం ఊరి పొలిమేర దాటాల్సొచ్చింది

ఇది నేను స్ప్రే పెయింట్ కొన్న ఎవాన్‌స్టన్ హార్డ్‌వేర్ షాపు మీద రివ్యూ. దసరాకి బొమ్మల కొలువు మెట్లు బయటికి తీస్తే ఇనుప ఫ్రేమంతా తుప్పు, సరే ఓ బంగారు రంగు స్ప్రే కొట్టేస్తే అయిపోయే పనే కదా అనుకున్నా. మేముండేది చికాగో సిటీలో. ఇంటి దగ్గర పెద్ద హార్డ్‌వేర్ షాపుకెళ్ళి పెయింట్ల వరసంతా రెండుసార్లు తిరిగా, బ్రష్షులున్నాయి, రోలర్లున్నాయి, థిన్నర్ ఉంది, స్ప్రే మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. అడిగితే ఆ కుర్రాడు "సిటీలో అమ్మరు" అని ఒక్క ముక్క అనేసి వెళ్ళిపోయాడు. ఎక్కడ దొరుకుతుందో చెప్తే వాడి సొమ్మేం పోయిందో.

తర్వాత తెలిసింది, గోడల మీద రాతలు ఆపడానికని 1992లోనే సిటీ కౌన్సిల్ అమ్మకం మొత్తం నిషేధించిందంట, పెయింట్ కంపెనీలు కోర్టుకెళ్తే 1995లో అప్పీల్ కోర్టు కూడా సిటీ వైపే చెప్పింది. తమాషా ఏంటంటే అసలు స్ప్రే పెయింట్ పుట్టిందే ఇదే ఇల్లినాయ్‌లో, సికమోర్ అనే ఊళ్ళో, 1949లో ఎడ్ సేమోర్ అనే ఆయన భార్య ఇచ్చిన ఐడియాతో చేశాడు. పుట్టింటోళ్ళే గుమ్మం తొక్కనివ్వట్లేదన్నమాట.

మన ఇండియన్ షాపులుండే డెవాన్ వీధికి సరుకులకెళ్ళినప్పుడు అట్నుంచటే ఉత్తరానికి మైలున్నర పోయి హోవార్డ్ స్ట్రీట్ దాటా. రోడ్డుకి ఇటు చికాగో, అటు పక్క ఊరు ఎవాన్‌స్టన్. ఈ షాపు అటువైపుది. కౌంటర్ దగ్గర పెద్దాయన నన్ను చూడగానే "చికాగో నుంచేనా?" అని నవ్వాడు, నా నెరిసిన గడ్డం చూసి కూడా ఐడీ అడిగాడు. శాన్ హోసేలో ఉన్నప్పుడైతే డబ్బాలు జాలీ బీరువాలో పెట్టి తాళమేసేవాళ్ళు, కాలిఫోర్నియాలో 18 నిండాలి, లండన్‌లో ఉన్న మా తమ్ముడు అక్కడ 16 చాలన్నాడు. మన రాణిగంజ్‌లో వయసెవడు అడిగాడు, ఏ రంగు కావాలన్నా అని తప్ప.

పెద్దాయన మాత్రం బంగారం. ముందు ప్రైమర్, అంటే అడుగు పూత, కొట్టమన్నాడు, డబ్బాలో గోలీ టకటకలాడటం మొదలయ్యాక ఇంకో నిమిషం ఊపమన్నాడు, 50 డిగ్రీల ఫారెన్‌హీట్ (మన లెక్కలో 10 సెల్సియస్) కన్నా చల్లగా ఉన్న రోజు అసలు ముట్టుకోవద్దన్నాడు. అలాగే చేశా, ఎక్కడా కారలేదు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే మూత మీది బంగారం వేరు, లోపలి బంగారం వేరు, తీరా కొడితే ఇత్తడి చెంబు రంగొచ్చింది, తెరిచింది వెనక్కి తీసుకోరంట. మా ఆవిడ పట్టుచీర పరిచి కప్పేసింది. సగం డబ్బా మిగిలింది, చికాగోలో ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఊరికే ఇస్తా, అమ్మకూడదుగా.