సెచెనీ స్నానాల కోసమైతే బుడాపెస్ట్‌కి జనవరిలోనే వెళ్లండి

హంగరీ రాజధాని బుడాపెస్ట్ ఎప్పుడు బాగుంటుందని అడిగితే అందరూ మే, సెప్టెంబర్ అంటారు, నడిచి ఊరు చూడటానికి అది నిజమే, ఎండ మండదు, చలీ వణికించదు. కానీ సెచెనీ స్నానశాల కోసం వెళ్తుంటే నా ఓటు జనవరికే. 1913లో తెరిచిన పసుపురంగు భవనం, మధ్యలో ఆరుబయట వేడినీళ్ల కొలనులు, ఏడాదంతా నడుస్తాయి. బయట సున్నా డిగ్రీల దగ్గర ఉంటే నీళ్లేమో 38 దాకా ఉంటాయి. సున్నా కిందకి దిగిన రోజైతే మెడ వరకు మునిగి కూర్చున్నప్పుడు తడి జుట్టు బిరుసెక్కుతుంది, ఒళ్లు మాత్రం హాయిగా వదులైపోతుంది, పక్కనే పెద్దాయనలు నీళ్లలో నిలబడే చదరంగం ఆడుతుంటారు, ఒక్కో ఎత్తుకి ఎంతసేపు ఆలోచిస్తారో! జూలైలో 30 దాటిన ఎండలో ఇవే నీళ్లలోకి దిగాలంటే మనసొప్పదు, పైగా టూరిస్టుల రద్దీ.

బట్టలు మార్చుకునే గది నుంచి కొలను దాకా ఆ నాలుగడుగులు మాత్రం పళ్లు టకటకలాడతాయి. రబ్బరు చెప్పులు, మందపాటి టవల్ ఇంటి నుంచే పట్టుకెళ్లండి. జనవరిలో ఐదులోపే పొద్దు గుంకుతుంది కాబట్టి కోట, పార్లమెంట్ పగలే చూసేసి, 1896 నాటి ఎం1 మెట్రో ఎక్కి సాయంత్రం ఇక్కడికి రండి, స్టేషన్ పక్కనే. బీపీ, గుండె సమస్య ఉన్న అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే ముందు డాక్టర్ని అడగండి.