హడిల్ రివ్యూ: హైలైట్ రీల్ కన్నా పూర్తి మ్యాచ్ వీడియోకే విలువ

అమెరికాలో హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడే కుర్రాడి పేరు కాలేజీ కోచ్ చెవిన పడితే, ఆయన ముందుగా చేసే పనుల్లో ఒకటి హడిల్‌లో ఆ పేరు కొట్టి చూడటం. జట్ల మ్యాచ్ వీడియోలను దాచి, ఒక్కో ప్లేను (బంతి కదిలి మళ్లీ ఆగేదాకా సాగే ఒక్క ఎత్తును) విడి ముక్కగా చూపించే వేదిక ఇది. 2006లో నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్‌లో పుట్టింది. తొలినాళ్లలో దీన్ని వాడింది అక్కడి యూనివర్సిటీ జట్టే. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లూ ప్యాడ్లూ వేసుకుని ఆడే అమెరికన్ ఆట. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి చోట్ల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. శుక్రవారం రాత్రి స్టేడియానికి వెళ్లే తల్లిదండ్రుల్లో మనవాళ్లూ ఉన్నారు. కొడుకు కాలేజీలో కూడా ఆడాలనుకుంటే ఈ వేదిక ఎంతవరకు పనికొస్తుందో వాళ్ల కోసం రాస్తున్నాం. మా మార్కులు 5కి 4.

చందా కట్టేది స్కూలు. కోచ్ రోస్టర్‌లో (జట్టు ఆటగాళ్ల జాబితాలో) చేర్చగానే కుర్రాడికి సొంత పేజీ వస్తుంది. వీడియో చూసుకోవడానికీ, మంచి ప్లేలు ఏరి మామూలు హైలైట్ రీల్ చేసుకోవడానికీ ఇంట్లోవాళ్లు డబ్బు కట్టనక్కర్లేదు. పేజీలో హైస్కూల్ పూర్తయ్యే సంవత్సరం, జెర్సీ నంబరు, ఆడే స్థానం, ఎత్తు, బరువు ఉంటాయి. అందరూ పొరపాటు చేసేది ఇక్కడే. పూర్తయ్యే సంవత్సరం తప్పు పడితే, ఆ ఏడాది కుర్రాళ్లను వెతికే కోచ్‌కు మీ అబ్బాయి కనిపించడు. గత సీజన్‌లో 24, ఈ సీజన్‌లో 7 వేసుకుంటే ఆ సంగతి రీల్‌లోనే రాయాలి, లేకపోతే చూసేవాళ్లు వేరే పిల్లాడిని చూస్తూ కూర్చుంటారు. ఎత్తు రెండంగుళాలు పెంచి రాయడం చాలా స్కూళ్లలో అలవాటు. క్యాంపులో కొలత బద్ద పక్కన నిలబెట్టిన రోజున అది బయటపడుతుంది, అప్పటినుంచి పేజీలోని మిగతా అంకెలనూ ఎవరూ నమ్మరు.

హైలైట్ తయారీ సులువు. మ్యాచ్ క్లిప్పుల్లో బాగున్నవి ఎంచుకోవడం, కత్తిరించడం, స్నాప్‌కు (బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టే క్షణానికి) ముందు మన ఆటగాడి మీద గుర్తు పెట్టడం, వరస మార్చడం అన్నీ ఫోన్లోనే అయిపోతాయి. మూడు నుంచి ఐదు నిమిషాలు, 20 నుంచి 30 ప్లేలు చాలు. మ్యాచ్‌ల తేదీల వరసలో పేర్చకండి, అన్నిటికన్నా మంచివి ఐదారు మొదట్లోనే ఉండాలి. కోచ్‌లు రోజుకు పదుల కొద్దీ రీళ్లు చూస్తారు, మొదటి నిమిషంలో ఏమీ కనబడకపోతే తర్వాతి పేరుకు వెళ్లిపోతారు. ప్రతి క్లిప్ స్నాప్‌కు రెండు మూడు సెకన్ల ముందు మొదలై విజిల్‌తో ఆగాలి. స్లో మోషన్ వద్దు, వేగం తెలియకుండా పోతుంది. మొదటి తెరపై పేరు, స్కూలు, సంవత్సరం, స్థానం, జెర్సీ నంబరు, జీపీఏ (చదువులో గ్రేడ్ల సగటు), హెడ్ కోచ్ ఈమెయిల్ ఉంటే సరిపోతుంది. కింద కనిపించే వ్యూస్ లెక్కను పట్టించుకోకండి, అందులో బంధువులూ స్నేహితులూ కూడా ఉంటారు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు. రీల్‌కు ఆ మాట వర్తించదు, ఎందుకంటే మెతుకును ఏరి చేతిలో పెట్టేది ఆటగాడే. అందుకే రీల్ నచ్చిన కోచ్ వెంటనే రెండు మూడు పూర్తి మ్యాచ్‌లు అడుగుతాడు, గట్టి ప్రత్యర్థితో ఆడినవి, ఓడినవి కూడా. హడిల్ అసలు బలం తెలిసేది అప్పుడే. కోచ్ ఒక్కో ప్లేకు వివరాలు నింపి ఉంటాడు: ఎన్నో డౌన్ (పది గజాలు సాధించడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఎన్ని గజాలు కావాలి, బంతి ఏ హాష్ (మైదానం పొడవునా ఉండే రెండు వరసల చిన్న గీతలు) మీద ఉంది, ఏ గజం గీత దగ్గర, పరుగా పాసా, ఫలితం ఏమిటి, ఎన్ని గజాలొచ్చాయి. ఇవన్నీ సరిగ్గా నింపితే, మూడో డౌన్‌లో ఏడు గజాలకు పైగా కావాల్సినప్పుడు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) వేసిన పాసులన్నీ ఒక వరసలో వచ్చేస్తాయి. అందరికీ పాసే అని తెలిసినప్పుడు వాడేం చేశాడన్నదే కోచ్‌కు కావాలి.

హాష్ వివరాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మైదానం వెడల్పు 160 అడుగులు. హైస్కూల్ నిబంధనల ప్రకారం హాష్ గీతలు ఆ వెడల్పును మూడు సమ భాగాలు చేస్తాయి. అంటే ఒక హాష్ నుంచి అవతలి సైడ్‌లైన్‌కు (మైదానం పక్క గీతకు) 106 అడుగుల 8 అంగుళాలు. కాలేజీలో గీతలు మధ్యకు దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ దూరం 100 అడుగులు. ఎడమ హాష్ నుంచి కుడి సైడ్‌లైన్ దగ్గరికి, 15 గజాల లోతుకు బంతి వంపు తిరగకుండా వెళ్లిందంటే చేతి బలానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. ప్లే వివరాల్లో హాష్ గడి ఖాళీగా ఉంటే అలాంటి పాసుల కోసం మ్యాచ్ మొత్తం వెతకాల్సిందే, అంత ఓపిక అందరికీ ఉండదు.

పోయిన ఒక మార్కు దీనికే: లోపలికి ఏది వెళ్తే బయటికి అదే వస్తుంది, లోపలికి వెళ్లేది స్కూలు చేతిలో ఉంటుంది. కెమెరా ప్రెస్ బాక్స్ (స్టాండ్స్ పైన విలేఖరులు కూర్చునే గది) ఎత్తున, 50 గజాల గీత దగ్గర ఉండాలి. స్నాప్‌కు ముందు 22 మందీ ఫ్రేములో కనబడాలి. అలవాటు లేని విద్యార్థి చేతికి కెమెరా ఇస్తే బంతి వెంట జూమ్ చేస్తాడు. దాంతో అంచున ఆడుతూ పాసు అందుకునే రిసీవర్, అతన్ని కాచే కార్నర్‌బ్యాక్ ఫ్రేములోంచి బయటికి పోతారు. కార్నర్‌బ్యాక్ బాగా కాచినప్పుడే బంతి అటు రాదు, అంటే వాడి మంచి ఆటంతా వీడియోలో లేకుండా పోతుందన్నమాట. లైన్‌మెన్‌కు (ముందు వరసలో ఎదుటివాళ్లతో తలపడేవాళ్లకు) మరో ఇబ్బంది: పక్కనుంచి తీసిన వీడియోలో ఒంటి మీద ఒళ్లు పడి ఏమీ తెలియదు. ఎండ్ జోన్ (మైదానం చివరి భాగం) వెనక పొడవాటి స్తంభం మీద రెండో కెమెరా ఉంటేనే మొదటి అడుగు ఎటు పడింది, చేతులు ఎక్కడ తగిలాయి, మోకాళ్లు వంచాడా నడుము వంచాడా అన్నవి కనబడతాయి. మీ స్కూల్లో అది లేకపోతే తల్లిదండ్రులంతా కలిసి కొనిపించండి. ఒక్కో కుర్రాడికి రీల్ ఎడిటర్ పెట్టే ఖర్చు కన్నా అది ఎంతో మేలు.

రీల్‌లో ఏం పెట్టాలన్నది స్థానాన్ని బట్టి మారుతుంది. క్వార్టర్‌బ్యాక్‌కు, రిసీవర్ పది గజాలు ఖాళీగా ఉన్నప్పుడు వేసిన లాంగ్ టచ్‌డౌన్ కన్నా, మీదికి వస్తున్నవాణ్ణి తప్పించుకుని రెండో రిసీవర్‌ను చూసి వేసిన 12 గజాల పాసు విలువైనది. రిసీవర్ అయితే ఒళ్లానుకుని కాచేవాణ్ణి మొదటి రెండడుగుల్లో వదిలించుకున్న ప్లేలు, బ్లాకింగ్ (ఎదుటివాణ్ణి ఒంటితో అడ్డుకోవడం) తప్పనిసరి. లైన్‌మన్ కింద పడేసిన బ్లాకులు మూడు చాలు, మిగతావి పాస్ రక్షణవి పెట్టాలి. కిక్కర్లకు ప్రత్యేకంగా ఒక మాట: హైస్కూల్లో ఫీల్డ్ గోల్ (గోల్ స్తంభాల మధ్యనుంచి పోయేలా తన్నే కిక్కు) చిన్న దిమ్మె మీద పెట్టి కొట్టవచ్చు, కాలేజీలో 1989 నుంచి నేల మీంచే కొట్టాలి. కాబట్టి రీల్ చివర నేల మీంచి కొట్టిన కిక్కులు ఆపకుండా వరసగా పదైనా చూపించాలి, తప్పినవి తీసేయకుండా.

వేగం విషయంలో హడిల్ పేజీలోని 40 గజాల పరుగు సమయాన్ని కోచ్‌లు పెద్దగా లెక్కలోకి తీసుకోరు. స్టాప్‌వాచ్‌తో తీసిన సమయం ఎలక్ట్రానిక్ సమయం కన్నా సుమారు 0.2 సెకను తక్కువ చూపిస్తుంది. వీడియోతో సరిచూసుకోవడం సులువు: మైదానంలో ప్రతి ఐదు గజాలకూ గీత ఉంటుంది కదా, పూర్తి వేగం అందుకున్న తర్వాత 20 గజాలు ఎన్ని ఫ్రేముల్లో దాటాడో లెక్కపెట్టాలి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో 60 ఫ్రేములు పట్టిందంటే రెండు సెకన్లు, అంటే గంటకు 20 మైళ్ల పైచిలుకు. రిసీవర్‌కైనా కార్నర్‌బ్యాక్‌కైనా అది మంచి వేగం. వసంతంలో ట్రాక్ పోటీల్లో 100 మీటర్లు పరుగెత్తితే ఇంకా మంచిది, ఎలక్ట్రానిక్ ఫలితాలు ఎవరైనా చూడగలరు. లైన్‌మెన్ షాట్‌పుట్ వేస్తే, కుస్తీ పడితే కోచ్‌లు ఇష్టపడతారు.

వేల డాలర్లు తీసుకుని మీ పేరును కాలేజీలకు చేరుస్తామనే సంస్థలున్నాయి. మంచి వీడియో, మీ హైస్కూల్ కోచ్ మాట ఉంటే ఆ ఖర్చు అక్కర్లేదు. రీల్ లింకుతో చిన్న ఈమెయిల్‌ను కుర్రాడే ఆ కాలేజీలో తన స్థానానికి కోచ్ అయినవాళ్లకు రాయాలి. డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కోచ్‌లు రిక్రూటింగ్ ఉత్తరాలు పంపగలిగేది 11వ తరగతి సెప్టెంబర్ 1 నుంచే కాబట్టి, అంతకు ముందు జవాబు రాకపోతే దిగులు పడక్కర్లేదు. చదువు లెక్కలు కూడా చూసుకోండి: డివిజన్ 1కు 16 కోర్ కోర్సులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి, పదైనా 12వ తరగతి మొదలయ్యే లోపే పూర్తవ్వాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్‌లో ఉండాలి. డివిజన్ 3లో, హార్వర్డ్, యేల్ లాంటి కాలేజీలున్న ఐవీ లీగ్‌లో ఆటకంటూ స్కాలర్‌షిప్ లేదు, చదువును బట్టీ ఇంటి ఆదాయాన్ని బట్టీ సాయం అందవచ్చు. అందుకే జీపీఏ బాగున్న కుర్రాడు దాన్ని రీల్ మొదటి తెర మీదే పెట్టాలి.

ఆగస్టులో మొదటి మ్యాచ్‌కు ముందే రోస్టర్ తెరిచి పేరు స్పెల్లింగ్ సరిచూడండి. తెలుగు పేర్లలో ఇంటిపేరు ముందుకీ వెనక్కీ మారిపోతుంటుంది. స్కూలు రికార్డులో, హడిల్‌లో, కాలేజీ ఆటల సంఘమైన ఎన్‌సీఏఏ అర్హత ఖాతాలో ఒకే రకంగా లేకపోతే వెతికేవాళ్లకు ముగ్గురు వేర్వేరు కుర్రాళ్లు కనబడతారు.