షిమోనోసెకి నుంచి బుసాన్‌కి రాత్రి ఓడ: తొందర లేకపోతే ఇదే ఎక్కండి

జపాన్‌లోని ఫుకువోకా నుంచి దక్షిణ కొరియాలోని బుసాన్‌కి విమానంలో గంట ప్రయాణం. అలాంటిది రైలెక్కి షిమోనోసెకి దాకా పోయి, అక్కడ సాయంత్రం 7:45కి కదిలి మర్నాడు పొద్దున 8కి దింపే ఓడ ఎందుకెక్కావని ఆఫీసులో ఒకరి తర్వాత ఒకరు అడిగారు. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు పనికొచ్చే విషయాలు. టికెట్టు ధర ఒక్కటే చూసుకుని వెళ్ళకండి, ఇంధనం సర్‌చార్జీ, టెర్మినల్ రుసుము విడిగా కట్టాలి. షిమోనోసెకి స్టేషన్ నుంచి టెర్మినల్‌కి పది నిమిషాల నడక. నాకు టికెట్టు తీసిచ్చిన ఏజెంటు ఓడ కదిలే టైమే చెప్పాడు గానీ చెక్-ఇన్ చాలా ముందే మూసేస్తారని చెప్పలేదు, చివరి పావుగంట పెట్టె ఈడ్చుకుంటూ పరుగు, ఆ టెన్షన్ మీకొద్దు. మన పాస్‌పోర్టుకి కొరియా వీసా ముందే ఉండాలి. జపాన్‌లో ఉద్యోగం చేసేవాళ్ళు బయటికి వెళ్ళేటప్పుడు రీ-ఎంట్రీ కార్డులో తిరిగొస్తామని టిక్ పెట్టడం మర్చిపోవద్దు. శాకాహారులైతే తిండి వెంట తీసుకెళ్ళండి, నేను పులిహోర కట్టుకెళ్ళాను.

ఇక పేరు. జపాన్ వాళ్ళు దీన్ని కాంపు ఫెర్రీ అంటారు, కొరియా వాళ్ళు పుగ్వాన్ ఫెర్రీ అంటారు. రెండింటిలోనూ ఉన్నవి అవే రెండు చైనా లిపి అక్షరాలు, పలకడమే వేరు, ఒకటి షిమోనోసెకిది, ఒకటి బుసాన్‌ది. ఎవరి ఊరు వాళ్ళు ముందు పెట్టుకున్నారు, అంతే తేడా. 2002 ప్రపంచకప్ ఫుట్‌బాల్‌ని రెండు దేశాలు కలిసి జరిపినప్పుడు కూడా ఎవరి పేరు ముందుండాలన్న పేచీ వచ్చింది, చివరికి పేరులో కొరియా ముందు, ఫైనల్ మ్యాచ్ జపాన్‌లో అని సర్దుకున్నారు. ఓడ దగ్గర మాత్రం ఎవరి పేరు వాళ్ళు పిలుచుకుంటూ ఒకే మెట్లు ఎక్కుతున్నారు, నాకది చాలా నచ్చింది.

ఇదే దారిలో 1905 నుంచి పాత ఓడలు తిరిగేవి. 1910లో కొరియాని జపాన్ కలిపేసుకున్నాక ఆ ఓడల్లోనే లెక్కలేనంతమంది కొరియన్లు జపాన్‌కి కూలి పనులకి వచ్చారు, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బలవంతంగా గనులకి తెచ్చినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. 1943 అక్టోబరులో కొన్‌రోన్ మారు అనే ఓడని అమెరికా జలాంతర్గామి ముంచేస్తే 500 మందికి పైగా పోయారు. 1945తో ఆ సర్వీసు ఆగింది. ఆ తర్వాత రెండు దేశాల మధ్య మాటలు కలవడానికే ఇరవై ఏళ్ళు పట్టింది. 1965 జూన్ 22న జపాన్, దక్షిణ కొరియా మళ్ళీ సంబంధాలు కలుపుకునే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు, జపాన్ 30 కోట్ల డాలర్లు ఊరికే, 20 కోట్లు అప్పుగా ఇస్తానంది. క్షమాపణ లేకుండా డబ్బులేమిటని సియోల్‌లో విద్యార్థులు రోడ్ల మీదికొచ్చారు, అంతకు ముందు ఏడాదైతే సైనిక పాలనే పెట్టాల్సి వచ్చింది. అలాంటి ఒప్పందం తర్వాత ఐదేళ్ళకి, 1970 జూన్‌లో, ఈ ఓడ మొదలైంది.

నేను రెండో తరగతి తీసుకున్నాను. మంచాలుండవు, పెద్ద గదిలో నేల మీద పరుపు, దుప్పటి, దిండు ఇస్తారు. డబ్బు ఎక్కువైనా ఫరవాలేదనుకుంటే గదులున్నాయి గానీ దయచేసి ఈ నేలపడకే తీసుకోండి. నా పక్కన బుసాన్ పెద్దావిడ ఒకరు, ఇక్కడి సరుకు అక్కడ, అక్కడి సరుకు ఇక్కడ అమ్ముకునే మూటల వ్యాపారం. కొరియన్‌లో బొత్తరి అంటే మూటే. ఒకప్పుడు ఈ ఓడంతా వాళ్ళేనట, ఇప్పుడు బాగా తగ్గిపోయారు. ఆవిడ మూట విప్పి సర్ది మళ్ళీ కట్టింది: ఎదురెదురు మూలలు రెండేసి లాగి ముడి, ఆ ముడి మీద ఇంకో ముడి, మధ్యలో చెయ్యి దూరేంత సందు. మా అమ్మమ్మ కట్టే పద్ధతి అచ్చం ఇదే.

"జపనీస్ ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అని అడిగాను.

"టీవీలో నేర్చుకున్నాను. బుసాన్‌లో యాంటెన్నా ఇటు తిప్పితే జపాన్ చానళ్ళు వచ్చేవి. పాటలొస్తుంటే మాత్రం మా నాన్న సౌండు తగ్గించమనేవాడు."

ఎందుకు తగ్గించమన్నాడో నాకర్థమైంది. జపాన్ సినిమాలు, పాటలు కొరియాలో దశాబ్దాలపాటు బహిరంగంగా నడవనివ్వలేదు. 1998 అక్టోబరు 8న టోక్యోలో జపాన్ ప్రధాని ఒబుచి, కొరియా అధ్యక్షుడు కిమ్ దే-జంగ్ కలిసి ప్రకటన చేశారు. వలస పాలనకి ఒబుచి రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాడు, కిమ్ దాన్ని స్వీకరించి, ఆ నెలలోనే జపాన్ సినిమాలకి తలుపు కొంచెం తెరిచాడు. జపనీస్ పాటల సీడీలు కొరియా షాపుల్లోకి రావడానికి మాత్రం 2004 దాకా ఆగాల్సి వచ్చింది. ఒక ఇంట్లో తండ్రి టీవీ సౌండు తగ్గించడానికీ, ఇద్దరు నాయకులు బల్ల దగ్గర కూర్చోవడానికీ ఉన్న సంబంధం నాకు ఆ పరుపు మీద తెలిసినంతగా ఏ పాఠంలోనూ తెలియలేదు.

ఓడలో పెద్ద స్నానాల గది ఉంది, వేడినీళ్ళలో కూర్చుంటే కిటికీలోంచి సముద్రం. రాత్రి డెక్ మీద నిలబడితే ఎడమవైపు చీకట్లో ఎక్కడో త్సుషిమా దీవి ఉంటుంది. ఆ దీవిలో మూడొందల ఏళ్ళ కింద పనిచేసిన అమెనొమొరి హోషు అనే జపాన్ పండితుడు కొరియన్ నేర్చుకుని, ఒకరినొకరు మోసం చేసుకోకుండా, కొట్లాడుకోకుండా నిజాయితీగా మెలగాలని రాసిపెట్టాడు. 1990 మేలో కొరియా అధ్యక్షుడు రో తె-ఊ టోక్యో వచ్చినప్పుడు చక్రవర్తి విందులో తలుచుకున్నది ఈయన్నే. తలుచుకున్నవాడు కొరియన్, తలపుకొచ్చినవాడు జపనీయుడు!

తెల్లవారకముందే ఓడ బుసాన్ ముందుకొచ్చి ఆగిపోతుంది, ఇమిగ్రేషన్ తెరిచేదాకా అక్కడే. చిరాకు పడకండి. లేచి పైకెళ్ళండి. కొండల మీద ఇళ్ళ దీపాలు ఒక్కొక్కటే ఆరుతుంటే ఫోనులో జపాన్ సిగ్నల్ పోయి కొరియా సిగ్నల్ వచ్చి ఉంటుంది.

వీలైతే షిమోనోసెకికి మధ్యాహ్నమే చేరండి. 1895 ఏప్రిల్‌లో చైనా-జపాన్ యుద్ధం ముగిస్తూ జపాన్ ప్రధాని ఇతో హిరోబుమి, చైనా తరఫున లీ హొంగ్‌జాంగ్ సంతకాలు పెట్టిన చోట చిన్న స్మారక భవనం ఉంది, అప్పుడు కూర్చున్న కుర్చీలు లోపలే ఉన్నాయి. చర్చల మధ్యలో లీ మీద కాల్పులు జరిగాక ఆయన వచ్చిపోయిన సందుకి ఇప్పటికీ ఆయన పేరే.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర నిద్ర సరిగ్గా పట్టనందుకు. ఇంకో మాట: రెండు ఓడలు రోజు మార్చి రోజు తిరుగుతాయి, జపాన్‌ది హమయూ, కొరియాది సోంగ్ హీ. బుసాన్‌లో ఒక రాత్రి ఉండి మర్నాడు రాత్రి 9కి కదిలే ఓడ ఎక్కితే మామూలుగా రెండోది దొరుకుతుంది. నేను హమయూలో వెళ్ళి సోంగ్ హీలో తిరిగొచ్చాను.