ఆర్‌ఎక్స్‌ 100 కార్బ్యురేటర్ ట్యూనింగ్‌కి ఆటోనగర్‌లో ఒక మంచి షెడ్డు

విజయవాడ ఆటోనగర్‌లో బోర్డు కూడా లేని చిన్న షెడ్డు ఇది. పాత టూ స్ట్రోక్ బళ్లు తప్ప వేరేవి పెద్దగా ముట్టుకోరు. నాది 1994 మోడల్ యమహా ఆర్‌ఎక్స్‌ 100. స్లో (యాక్సిలేటర్ ఇవ్వకుండా ఇంజిన్ ఆడటం) నిలబడేది కాదు, యాక్సిలేటర్ వదిలేసినా రేజింగ్ వెంటనే దిగేది కాదు. అంతకుముందు వేరేచోట మైలేజీ పెంచుతామని కార్బ్యురేటర్ (ఇంజిన్‌కి పెట్రోల్, గాలి కలిపి పంపే భాగం) స్క్రూ తిప్పి పంపేశారు. పికప్ పోయింది, ఇంజిన్ వేడెక్కిపోవడం మొదలైంది. టూ స్ట్రోక్‌లో ఇలాగే నడిపితే పిస్టన్ పట్టేస్తుంది.

ఇక్కడ మేస్త్రి గారు స్క్రూ జోలికే పోలేదు. ముందు స్పార్క్ ప్లగ్ విప్పి నా చేతిలో పెట్టారు. "చూడండి, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పెట్రోల్ చాలట్లేదు" అన్నారు. మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువైనట్టు, కాఫీ రంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు. తర్వాత ఇంజిన్ స్లోలో పెట్టి, కార్బ్యురేటర్ జాయింట్ రబ్బరు మీద స్ప్రే కొట్టారు. ఇంజిన్ శబ్దం ఠక్కున మారింది. రబ్బరు చీలి గాలి లాగుతోంది. ఆ లీకు ఉండగా ఎంత ట్యూనింగ్ చేసినా దండగే.

రబ్బరు మార్చాక మికుని కంపెనీ కార్బ్యురేటర్ పూర్తిగా విప్పారు. స్లోలో పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రమైన పైలట్ జెట్‌లో తీగ పెట్టి పొడవలేదు, క్లీనర్ కొట్టి గాలితో ఊదారు. తీగ గీస్తే రంధ్రం సైజు మారిపోతుంది, ఇక ఏ సెట్టింగూ నిలవదు. ఇంజిన్ బాగా వేడెక్కాకే గాలి స్క్రూ పట్టుకున్నారు. పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వదిలి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా తిప్పుతూ చెవి పెట్టి విన్నారు. ఈ బండిలో ఆ స్క్రూ వదులు చేస్తే గాలి పెరుగుతుంది. చాలా ఫోర్ స్ట్రోక్ బళ్లలో అక్కడ ఉండేది పెట్రోల్ స్క్రూ, దాన్ని వదులు చేస్తే పెట్రోల్ పెరుగుతుంది. ఈ తేడా తెలియనివాళ్లకి బండి ఇవ్వకండి.

ఒక రౌండు నన్నే నడిపి రమ్మని, మళ్లీ ప్లగ్ చూశారు. ఇంకా కొంచెం తెలుపు. ఇప్పుడొచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కి పాత సెట్టింగ్ చాలదంటూ కార్బ్యురేటర్‌లోని సూది (నీడిల్) క్లిప్‌ని ఒక గాడి కిందికి మార్చారు. దాంతో నీడిల్ పైకి లేచి, పెట్రోల్ కాస్త ఎక్కువ వెళ్లి, సగం యాక్సిలేటర్ దగ్గర మిస్సింగ్ పోయింది. ఫుల్ యాక్సిలేటర్‌లో పెట్రోల్ పంపే మెయిన్ జెట్ పెద్దది వేయమని అడిగాను. కంపెనీ ఫిల్టర్, కంపెనీ సైలెన్సర్ ఉన్న బండికి అక్కర్లేదని ఖరాఖండిగా చెప్పేశారు. నాకు బాగా నచ్చింది అదే.

గంట అన్నారు, సాయంత్రమైంది. బిల్లు ఇవ్వరు, కూర్చోవడానికి చోటు లేదు. అయినా ఆ పనికి నేను నిల్చునే ఉంటాను. పొద్దున స్టార్టింగ్ ట్రబుల్ ఉన్నవాళ్లు మాత్రం బండిని రాత్రికే అక్కడ వదిలేసి రండి. చల్లటి ఇంజిన్ మీదే ఆయన అది చూడాలి.