కరోకే యాప్‌లో స్కేల్ మార్పు: మూడేళ్లు వాడాక

ఎకో, బ్లూటూత్ ఆలస్యం, ప్రకటనల గోల ఏ కరోకే యాప్‌లోనైనా ఉండేవే, వాటిని వదిలేద్దాం. పాత హిందీ పాటలు పాడుకునేవాళ్లు నేను వాడే యాప్‌కి డబ్బు కట్టాల్సింది ఒక్కదాని కోసం: స్కేల్ మార్పు, అంటే ట్రాక్ శృతిని మన గొంతుకి తగ్గట్టు పైకో కిందికో జరపడం. అందులోనూ ప్లస్, మైనస్ బటన్ల కోసం కాదు, వాటి కింద సన్నగా ఉండే సెంట్ల గీత కోసం.

బటన్ నొక్కితే హార్మోనియంలో ఒక మెట్టు మారుతుంది. సెంటు అందులో నూరో వంతు. 1950, 60ల పాటలు చాలావరకు ఏ మెట్టు మీదా కచ్చితంగా కూర్చోవు. టేపు వేగం కాస్త అటూ ఇటూ అయినా శృతి రెండు మెట్ల సందులో పడుతుంది. వీడియో క్యాసెట్ల నుంచి దించిన పాటలది ఇంకో తంటా. సెకనుకి 24 ఫ్రేముల సినిమాని మన టీవీ పద్ధతిలో 25గా తిప్పుతారు. దాంతో 3 నిమిషాల 20 సెకన్ల పాట 8 సెకన్ల ముందే అయిపోతుంది, శృతి సుమారు 70 సెంట్లు పైకి లేస్తుంది. వీడియో చూసి నేర్చుకుని రికార్డు ట్రాక్ మీద పాడితే ఎక్కడో తేడా కొట్టేది ఇందుకే.

‘ఏ పాటైనా ఏ గొంతుకైనా’ అని కొత్తలో నేనే నలుగురికీ చెప్పాను. ఇప్పుడంత ధీమా లేదు. మైనస్ 2 వరకు బాగుంటుంది. మైనస్ 3కి ఢోలక్ మెత్తబడుతుంది. మైనస్ 4కి తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టే. వేగం మారకుండా శృతి దించాలంటే శబ్దాన్ని చిన్న ముక్కలు చేసి ఒకదాని మీదొకటి అతకాలి, ఆ అతుకుల్లో దెబ్బ పదును పోతుంది. వేణువుకి, వయొలిన్లకి ఇంత నష్టం లేదు.

పైగా ‘ఓ దునియా కే రఖ్‌వాలే’ చివర్లో రఫీ ఎక్కే తారస్థాయి అందడం లేదని దించుకుంటూ పోతే, కింది స్వరాలు గొంతులోనే ఉండిపోతాయి. ఆదినారాయణరావు ‘కుహూ కుహూ బోలే కోయలియా’ (మన ‘హాయి హాయిగా’ పాటే) మగగొంతు కోసం 3 మెట్లు దించితే, లతా వంతు పాడే ఆవిడ పాతాళంలో వెతుక్కోవాలి. అందుకే పల్లవితో స్కేల్ చూసుకోకండి. పాటలో అన్నిటికంటే పైనున్న మాట, ఆ తర్వాత అన్నిటికంటే కిందున్న మాట పాడి చూడండి.

ఇక అసలు కడుపుమంట. నిరుడు ఒక అప్‌డేట్‌తో, దాచుకున్న పాటల సెంట్లన్నీ సున్నా అయ్యాయి. తెరమీద మైనస్ 2 అలాగే కనిపిస్తుంది కాబట్టి పోయిన సంగతే తెలియదు. హార్మోనియం కలపగానే, రెండు శృతులూ కాస్త తేడాగా ఉండటంతో వూఁ వూఁమని అల మొదలైంది. కంపెనీకి రాస్తే యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. వేసుకుంటే మెట్లు కూడా పోయాయి. ఒక్కో పాటలో నిలకడగా సాగే స్వరం పట్టుకుని, హార్మోనియంలో అదే మెట్టు నొక్కి, అల నెమ్మదించి ఆగేదాకా గీతను జరుపుకుంటూ మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు కుదిరిన ట్రాక్‌ని వెంటనే ఫైలుగా బయటికి తీసి, పేరులోనే ‘మై2, మై35’ (మైనస్ 2 మెట్లు, మైనస్ 35 సెంట్లు) అని రాస్తున్నాను. ఎంపీ3 వద్దు, ఫైలు సైజు తగ్గించే కుదింపు రెండోసారి పడి తాళాల మోత ఇసకలా రాలుతుంది. కుదింపు లేని వేవ్ ఫైలుగా తీస్తే పాటకి సుమారు 35 ఎంబీ.

తబలా, హార్మోనియం వాయించేవాళ్లు పక్కనుంటే ఇది అక్కర్లేదు. మాకు ట్రాకే దిక్కు కాబట్టి ఈ ఏడాదికీ డబ్బు కట్టాను. అప్‌డేట్లు మాత్రం ఆపేశాను.