బెజవాడ ఎండలో నికాన్ ఎఫ్‌ఎం2: ఏళ్ళ తరబడి వాడాక

నికాన్ ఎఫ్‌ఎం2 అనే రీలు కెమెరా వచ్చింది 1982లో, తయారీ ఆగిపోయింది 2001లో. నాది 1984 నుంచి వచ్చిన రకం, ఫ్లాష్ సింక్ (ఫ్లాష్‌తో వాడగలిగే అన్నిటికన్నా వేగమైన షట్టర్ స్పీడు) 1/250 సెకను ఉన్నది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను, చాలా ఏళ్ళుగా వాడుతున్నాను, ఎక్కువగా బెజవాడలోనే. దీని గురించి రాసేవాళ్ళంతా కెమెరా ఎంత గట్టిదో రాస్తారు. నిజమే, గట్టిదే. కానీ వాడేకొద్దీ నాకు తెలిసొచ్చింది ఏమిటంటే ఈ రోజుల్లో కెమెరా అసలు సమస్యే కాదు. రీలు ఎక్కడ దొరుకుతుంది, ఎవరు కడుగుతారు, ఏ నీళ్ళతో కడుగుతారు అన్నదే మొత్తం కథ.

ముందు కెమెరా సంగతి. బ్యాటరీ వెలుగు కొలిచే మీటరుకు మాత్రమే. వాచీ షాపులో దొరికే ఎల్‌ఆర్44 బటన్ సెల్స్ రెండు వేస్తే చాలు. అవి అయిపోయినా షట్టర్ అన్ని స్పీడుల్లోనూ కొడుతుంది. వ్యూఫైండర్‌లో వెలుగు ఎక్కువ, సరి, తక్కువ అని చెప్పే ప్లస్, సున్నా, మైనస్, మూడే ఎర్ర లైట్లు. రీలు తిప్పే లివర్‌ని కాస్త బయటికి లాగితేనే మీటర్ పనిచేస్తుంది. కుడి కంటితో చూసేవాళ్ళకు ఇబ్బంది లేదు గానీ, ఎడమ కన్ను పెట్టే అలవాటున్నవాళ్ళకు ఆ లివర్ మొహానికి పొడుచుకుంటుంది.

అసలు గొప్పతనం 1/4000 సెకను షట్టర్. మన ఎండలో అది ఎందుకు కావాలో చెప్తాను. మిట్టమధ్యాహ్నం 400 స్పీడు ఫిలింకి ఎఫ్16 (లెన్స్ రంధ్రం కొలత, అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది) దగ్గర షట్టర్ దాదాపు 1/500 పెట్టాలి. వెనకాల ఉన్న కరెంటు తీగల్నీ ఫ్లెక్సీల్నీ కాస్త మసక చేసి మనిషిని విడదీయాలంటే లెన్స్ తెరవాలి. ఎఫ్5.6కి వస్తే 1/4000 కావాల్సిందే. 1/1000 దగ్గర ఆగిపోయే పెంటాక్స్ కె1000 చేతిలో ఉంటే ఎఫ్11 దాటి తెరవలేం.

ఎండలోనే ఫిలింకి ఇంకో మేలుంది. కృష్ణ ఘాట్ల దగ్గర తెల్ల పంచెలు కట్టుకున్నవాళ్ళని డిజిటల్‌తో తీస్తే, కొంచెం ఎక్కువైనా తెలుపు తెల్లకాగితమైపోతుంది, తర్వాత ఎంత దిద్దినా రాదు. నెగెటివ్ ఫిలిం దీనికి ఉల్టా. రెండు స్టాపులు, అంటే నాలుగింతల వెలుగు పడినా పంచె మడతలు ఉంటాయి, తక్కువ పడితే మాత్రం నీడలు ఖాళీ. అందుకే నెగెటివ్‌కి నీడ చూసి మీటర్ చేస్తాను, డిజిటల్‌కి వెలుగు చూసి. నేరుగా అసలు రంగుల్లోనే బొమ్మ వచ్చే స్లైడ్ ఫిలింకి ఈ ఓర్పు లేదు, దాన్ని నెగెటివ్ అనుకుని వాడొద్దు. రాత్రి పెళ్ళిళ్ళకి ఎఫ్‌ఎం2ని తీసుకెళ్ళను. అక్కడ ఫోనే నయం.

ఇక కడగడం. నేను వాడేది ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే బ్లాక్ అండ్ వైట్ ఫిలిం, బొమ్మ తేల్చే మందు, అంటే డెవలపర్, డీ-76. పుస్తకం లెక్క 20 డిగ్రీలు, ఏడున్నర నిమిషాలు. మే నెలలో మా మేడ మీద ట్యాంకు నీళ్ళలో చెయ్యి పెట్టలేం. వేడి పెరిగితే టైము తగ్గించాలి, అయిదు నిమిషాల లోపుకి దిగితే ఫిలిం మీద ఎగుడుదిగుడుగా మరకలొస్తాయి. అందుకని డెవలపర్‌లో సమానంగా నీళ్ళు కలుపుతాను. అప్పుడు 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు పడుతుంది, నీళ్ళు రెండు మూడు డిగ్రీలు వేడెక్కి టైము తగ్గించాల్సి వచ్చినా చేతిలో గడువుంటుంది. టబ్బులో ఐసుముక్కలు వేసి డబ్బాలన్నీ అందులో నిలబెడతాను, బొమ్మని నిలిపే ఫిక్సర్‌తో సహా. చివరి జాడింపు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో. కుళాయి నీళ్ళయితే ఆరాక చుక్కచుక్కకీ మచ్చ. ఆరేదాకా ఫ్యాన్ ఆపెయ్యాలి, ఉక్కపోత మనకి, దుమ్ము తప్పడం ఫిలింకి.

తమాషా ఏమిటంటే కలర్ రీలుకి 38 డిగ్రీల దాకా కావాలి, అంటే ఎండాకాలం మన ట్యాంకే సగం పని చేసిపెడుతుంది. అయినా కలర్ నేను ఇంట్లో చెయ్యను. మా పక్క రీలు కడిగే మిషన్లు ఎప్పుడో మూలపడ్డాయి. కొరియర్‌లో వేరే ఊళ్ళో ల్యాబ్‌కి పంపాలి. ఒకచోట నుంచి నెగెటివ్‌లు నిలువునా గీతలతో వచ్చాయి. అడిగితే స్కాన్‌లో కనపడవన్నారు. కనపడ్డాయి.

ఖర్చు విషయానికొస్తే, 36 ఫోటోల రీలు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. ఒకప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళు ఇందు పేరుతో బ్లాక్ అండ్ వైట్ రీళ్ళు ఇక్కడే తయారుచేసేవాళ్ళు, ఇప్పుడు నేను కొనేవన్నీ దిగుమతివే. ఫిలిం మనిషిని ఆలోచించి తీసేలా చేస్తుందని అంటుంటారు. నన్ను మాత్రం పిసినారిని చేసింది. మా పాప నిజంగా నవ్వినప్పుడు కూడా ఇంకెన్ని మిగిలాయో లెక్క చూసుకుంటాను. పిల్లల ఫోటోలకి డిజిటలే మేలని నా గట్టి అభిప్రాయం.

నెగెటివ్ శాశ్వతం అన్నది మన తేమలో సగమే నిజం. ఎసిటేట్ అనే ప్లాస్టిక్ బేస్ ఉన్న ఫిలిం వేడికీ చెమ్మకీ పాడై వెనిగర్ వాసన కొడుతుంది. లెన్సులకి బూజు సరేసరి. సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బా కెమెరాతో పాటే కొనండి. పైగా ఎవరికైనా చూపించాలంటే నెగెటివ్‌ని లైట్ మీద పెట్టి మాక్రో లెన్సుతో డిజిటల్ కెమెరాలోనే మళ్ళీ ఫోటో తీస్తున్నాను. చివరికి చేరేది ఫోనుకే.

డయల్స్ తిప్పే సరదా ఒక్కటే కావాలంటే నికాన్ వాళ్ళే 2021లో జెడ్ ఎఫ్‌సీ, 2023లో జెడ్ ఎఫ్ తెచ్చారు, లోపల డిజిటల్, పైన తొడిగింది ఎఫ్‌ఎం2 చొక్కా. మీకు అవి చాలు. ఎండలో మనుషుల్ని తియ్యాలని ఉండి, కడిగే ఓపిక కూడా ఉంటేనే ఇది కొనండి.

కొనేటప్పుడు వెనక తలుపు తెరిచి అంచుల్లో స్పాంజి జిగురుగా కరిగిందేమో చూడండి. ఈ వయసు కెమెరాల్లో అది మామూలే, తక్కువలో మార్పించుకోవచ్చు. 1 సెకనూ 1/4000 రెండూ కొట్టి వినండి, షట్టర్ రేకుల్ని మాత్రం వేలితో ముట్టుకోకండి. లెన్సులో టార్చి వేసి చూడండి. 1977కి ముందటి నాన్-ఏఐ లెన్సులు (మీటరుకి ఎఫ్ అంకె తెలిపే ఏఐ అమరిక లేనివి) దీనికి తగిలించకూడదు. ఆ అమరిక ఉన్న 50 ఎంఎం ఎఫ్1.8 ఏఐ-ఎస్ లెన్స్ ఒకటి ఉంటే చాలు.