పండ్ల కాఫీ సిరప్‌ల సెట్: ఆరు సీసాల్లో నిలిచినవి రెండే

ఇంట్లోనే పండ్ల రుచిగల కాఫీ పానీయాలు చేసుకునేందుకు ఆరు చిన్న సీసాల సిరప్‌లను ఒకే పెట్టెలో అమర్చి అమ్ముతున్న ఒక సెట్‌ను మూడు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. నారింజ, చెర్రీ, రాస్ప్‌బెర్రీ, స్ట్రాబెర్రీ, పీచ్, అరటి రుచుల్లో ఒక్కొక్కటి 250 మిల్లీలీటర్ల సీసా, ఒక సీసా నుంచి తీసి మరో సీసాకు బిగించుకోవలసిన ఒకే ఒక్క పంపు, పన్నెండు పానీయాల తయారీ విధానాలను అచ్చువేసిన అట్ట ఇందులో ఉంటాయి. ఆరింటిలో చెర్రీ, నారింజ కాఫీతో నిలిచాయి. రాస్ప్‌బెర్రీకి సగం మార్కులు ఇవ్వవచ్చు. మిగిలిన మూడింటిని కాఫీలో పోయకపోవడమే మంచిది. ఇక అట్ట మీది విధానాలను నమ్ముకుంటే ఆ మంచి రెండు సిరప్‌లు కూడా పాడవుతాయి.

పరీక్షకు రెండు రకాల గింజలు తీసుకున్నాను. ఒకటి నల్లబడేదాకా వేయించినది, రెండోది లేత గోధుమరంగు దగ్గరే ఆపినది. కాఫీ గింజ నిజానికి ఒక పండు లోపలి విత్తనమే కాబట్టి, నారింజలో ఉండే సిట్రిక్ ఆమ్లమూ ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లమూ అందులో సహజంగానే ఉంటాయి. వేయింపు ముదిరేకొద్దీ ఆ ఆమ్లాలు తరిగిపోతాయి, చేదూ పొగవాసనా పెరుగుతాయి. అందువల్ల తక్కువ వేయించిన గింజల డికాక్షన్‌లో పండు పులుపు ఇట్టే కలిసిపోతుంది, నల్లగా వేయించినదానిలో అదే పులుపు చేదుతో తగవు పడుతుంది. ఒకే సీసాలోని నారింజ సిరప్‌ను ఈ రెండింటిలోనూ కలిపి పక్కపక్కన పెట్టి రుచి చూస్తే, రెండు వేర్వేరు కంపెనీల సరుకేమో అనిపించేంత తేడా కనిపించింది. అయినా అట్ట మీద గింజల వేయింపు మాటే లేదు. అన్ని విధానాలకూ కలిపి ‘ఒక కప్పు కాఫీ’ అని రాసి ఊరుకున్నారు.

అంతకన్నా పెద్ద పొరపాటు పాల దగ్గర జరిగింది. అట్ట మీద మొదటి పానీయమే వేడి పాలతో చేసే నారింజ లాటే. చెప్పినట్టే 30 మిల్లీలీటర్ల సిరప్‌ను కప్పు అడుగున పోసి, దాని మీద వేడి పాలు వంచగానే కప్పు అంచు వెంట ఇసుక రేణువుల్లాంటి తెల్లని పలుకులు తేలాయి. కాఫీ కూడా పోసేసరికి నీళ్లు ఒకవైపు, మెత్తని ముద్దలు ఒకవైపు అయ్యాయి. సీసా వెనక చిన్న అక్షరాలను వెలుతురులో పట్టుకుని చదివితే అందులో సిట్రిక్ ఆమ్లం ఉన్నట్టు తెలిసింది. పాల పీహెచ్ (ఆమ్లత్వాన్ని కొలిచే అంకె, ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 6.7 ఉంటుంది. అది 4.6 దగ్గరికి దిగితే పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ గడ్డకడుతుంది. పాలు వేడిగా ఉన్నప్పుడు అంతదాకా దిగనక్కరలేదు, ముందే విరుగుతాయి. కాఫీ పీహెచ్ కూడా దాదాపు 5 మాత్రమే కనుక అదీ పాలను అటువైపే లాగుతుంది, దానికి ఆమ్లం కలిపిన సిరప్ తోడైతే ఇక చెప్పేదేముంది! రాస్ప్‌బెర్రీ సీసాలోనూ ఇదే ఆమ్లం ఉంది, ఫలితమూ ఇదే. సోయా పాలతో ప్రయత్నించినా తప్పలేదు. పాలను, కాఫీని పూర్తిగా చల్లార్చి, సిరప్‌ను మూడో వంతుకు తగ్గించినప్పుడు విరగలేదు గానీ, ఆ పానీయాన్ని రెండోసారి చేసుకోవాలని మాత్రం అనిపించలేదు.

చెర్రీ సిరప్ సంగతి వేరు. ఇందులో ఆమ్లం కలపలేదు కాబట్టి వేడి పాలతోనూ ఇబ్బంది లేదు. అంతకు మించి, చెర్రీ వాసనకు ముఖ్య కారణమైన బెంజాల్డిహైడ్ అనే పదార్థమే చేదు బాదం వాసనకూ మూలం కనుక, ఇది వేయించిన గింజల వాసన పక్కన పరాయిగా నిలబడదు, అందులోంచే పుట్టినట్టు ఉంటుంది. నల్లగా వేయించిన కాఫీతోనూ కుదిరిన సిరప్ ఈ పెట్టెలో ఇదొక్కటే. అనేకసార్లు మార్చి చూశాక నాకు నచ్చిన కొలత ఇది: 18 గ్రాముల పొడితో దించిన 36 గ్రాముల ఎస్ప్రెస్సో (యంత్రంలో ఒత్తిడితో దించే చిక్కని కాఫీ), 10 మిల్లీలీటర్ల సిరప్, 120 మిల్లీలీటర్ల వేడి పాలు. సిరప్‌ను ముందుగా ఎస్ప్రెస్సోలో కలిపి, ఆ తరువాతే పాలు పోయాలి. చివరగా పోస్తే అది బరువుకు అడుగుకు జారిపోయి, మొదటి గుక్కలన్నీ వట్టి కాఫీగానూ చివరి గుక్క వట్టి పాకంగానూ మిగులుతుంది. చిటికెడు కోకో పొడి చల్లితే ఇంకా బాగుంటుంది.

నారింజ సిరప్‌ను పాలకు దూరంగా ఉంచి, చల్లని కాఫీకి పరిమితం చేస్తే దాని అసలు గుణం బయటపడుతుంది. దీనికి ముందురోజే కొంత పని ఉంటుంది. తక్కువ వేయించిన గింజలను బరకగా మరపట్టి, 100 గ్రాముల పొడికి 800 మిల్లీలీటర్ల నీళ్లు చొప్పున కలిపి, 14 గంటలు ఫ్రిజ్‌లో ఉంచి వడగట్టుకోవాలి. పొడవాటి గ్లాసులో 10 మిల్లీలీటర్ల సిరప్, దాని మీద నిండా మంచుముక్కలు, ఆపైన 100 మిల్లీలీటర్ల తాజా నారింజ రసం పోసి, ఒక చెంచాను బోర్లించి పట్టుకుని దాని వీపు మీదుగా 80 మిల్లీలీటర్ల కాఫీని సన్నని ధారగా జారవిడిస్తే, చక్కెర ఎక్కువగా ఉన్న రసం కింద, తేలికైన కాఫీ పైన రెండు రంగుల పొరలుగా నిలుస్తాయి. కాసేపు చూసి, కలిపి తాగాలి. కలపకుండా తాగితే అందం తప్ప రుచి దక్కదు. రసంలోని పులుపూ కాఫీలోని పులుపూ ఒకదానికొకటి ఆసరా అవుతాయి, సిరప్ తన వంతుగా తొక్కలోని నూనె వాసనను అందిస్తుంది. నిజం చెప్పాలంటే, శుభ్రంగా కడిగిన నారింజ తొక్కను తెల్లపొర రాకుండా పలచగా చెక్కి, గ్లాసు మీద మెలితిప్పినా ఆ నూనె దిగుతుంది. సీసా వల్ల ఆ శ్రమ తప్పుతుంది, అంతే.

అరటి సిరప్ పండు వాసన వేయదు, చిన్నపిల్లల చప్పరింపు బిళ్లల వాసన వేస్తుంది. స్ట్రాబెర్రీదీ అదే వరుస. పీచ్ అయితే కాఫీ తగలగానే జాడ లేకుండా పోతుంది, మిగిలేది తీపి ఒక్కటే. ఈ మూడింటిలోనూ పులుపు లేకపోవడమే అసలు లోపమని నా అనుమానం. తీపి, పులుపు, వాసన మూడూ కలిస్తేనే నాలుక దాన్ని పండుగా గుర్తిస్తుంది, వీటిలో మధ్యది తీసేశారు. పాలు లేని చల్లని కాఫీలో స్ట్రాబెర్రీ సిరప్‌కు నాలుగు చుక్కల నిమ్మరసం జోడించినప్పుడు అది కొంత ప్రాణం పోసుకుంది కూడా. అరటిని మాత్రం నిమ్మరసం కూడా కాపాడలేకపోయింది.

తీపి విషయం ప్రత్యేకంగా చెప్పక తప్పదు. సీసా మీది లెక్క ప్రకారం 100 మిల్లీలీటర్లలో 78 గ్రాముల చక్కెర ఉంది. అట్ట చెప్పినట్టు కప్పుకు 30 మిల్లీలీటర్లు పోస్తే ఆ ఒక్క కప్పులోనే 23 గ్రాములు దాటుతుంది. విడిగా కలిపే చక్కెరను రోజుకు సుమారు 25 గ్రాములకు తగ్గించుకుంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించిన సంగతి గుర్తుంటే, ఆ కొలత ఎంత ఉదారమైనదో తెలుస్తుంది. పైన నేను చెప్పిన 10 మిల్లీలీటర్లు రుచికీ చాలు.

ఆ 10 మిల్లీలీటర్లు కొలవడానికి పంపును నమ్మడానికి లేదు. వంటింటి త్రాసు మీద గ్లాసు పెట్టి వరుసగా నొక్కి చూస్తే ఒకసారి 6 గ్రాములు, మరోసారి 11 గ్రాములు పడింది. సీసా సగానికి తగ్గాక గాలి కూడా కలిసి చిమ్ముతోంది. నొక్కిన ప్రతిసారీ దాని ముక్కున ఒక చుక్క వేలాడుతూ ఉండిపోయి, తెల్లవారేసరికి గట్టి పెచ్చుగా మారుతుంది. రెండో రోజే చీమలు బారు కట్టాయి. పైగా ఒకే పంపును ఆరు సీసాలకు మార్చుకోవాలంటే ప్రతిసారీ వేడినీళ్లతో కడగాలి, లేకపోతే నారింజలో అరటి వాసన తగులుతుంది. చెంచాతో కొలుచుకోవడం మొదలుపెట్టాక పని సులువైంది.

పోల్చి చూసేందుకు ఇంట్లోనూ సిరప్ కాచాను. 200 గ్రాముల పండ్లు, అంతే చక్కెర, అంతే నీళ్లు కలిపి సన్నని సెగ మీద పావుగంట ఉంచి, పిప్పిని గట్టిగా పిండకుండా పలచని గుడ్డలో వడగట్టి, చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు వాడుకోవచ్చు. రాస్ప్‌బెర్రీ, స్ట్రాబెర్రీల విషయంలో ఇంటి సిరప్ ముందు కొన్నది ఏ మాత్రం నిలవలేదు. పీచ్ ఇంట్లో కాచినా కాఫీ కింద అణిగిపోయింది కాబట్టి ఆ ఒక్క తప్పును కంపెనీ మీద వేయలేను. ఆశ్చర్యమేమిటంటే చెర్రీలో సీసాదే పైచేయి అయింది. గింజలు తీసేసి కాచిన నా సిరప్‌కు రంగూ పులుపూ వచ్చాయి గానీ, కాఫీని పట్టుకుని నిలబడే ఆ బాదం వాసన రాలేదు.

ఆరు సీసాల్లో ముందుగా ఖాళీ అయింది చెర్రీదే. దాన్ని విడిగా అమ్ముతారేమోనని వెతికాను, అమ్మడం లేదు. చెర్రీ కోసమని ఆ అరటి సీసాను మళ్లీ ఇంటికి తెచ్చుకునే ఉద్దేశం నాకు లేదు.